కచేరీకి పిలుపు నుంచి కవరు దాకా

నేను విశాఖపట్నంలో వయొలిన్ వాయిస్తూ, పిల్లలకి నేర్పిస్తూ బతుకుతున్నాను. వేరే ఉద్యోగం లేదు. చదువుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన కాలేజీ అది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పిన చోటు. అక్కడ రాగం ఎలా పాడాలో, వయొలిన్ తీగల మీద లాగే కమాను ఎలా పట్టాలో ఎంతో శ్రద్ధగా నేర్పారు. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి డబ్బు చేతికి అందేదాకా ఒక కచేరీ చుట్టూ ఏమేం జరుగుతాయో మాత్రం ఎవరికి వాళ్లు పడి తెలుసుకోవాల్సిందే. గత కార్తీకంలో మేం చేసిన ప్రయాణం గురించి వివరంగా రాయాలనిపించింది అందుకే. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి పనికొస్తుంది, కచేరీలు పెట్టేవాళ్లు చదివితే ఇంకా మంచిది.

మా సంపాదన పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. శ్రావణంలో, మాఘంలో ముహూర్తాలుంటే రిసెప్షన్లు. వినాయక చవితికి, దసరాకి పందిళ్లు. కార్తీకంలో గుళ్లు, సభలు. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా ఫోన్ మోగదు. పుష్యంలో త్యాగరాజ ఆరాధన ఉత్సవాలుంటాయి గానీ అక్కడ వాయించడం సేవ, దానికి డబ్బు అడగం, అడగకూడదు కూడా. కాబట్టి కార్తీకం నెల బాగుంటేనే తర్వాత రెండు నెలలు ఇంటి అద్దె గురించి ఆలోచించకుండా ఉండగలం.

మేం నలుగురం. పాడేది నా స్నేహితురాలు. మృదంగం వాయించే ఆయన మాకన్నా చాలా పెద్దవారు, అందరం మాస్టారూ అనే పిలుస్తాం. కీబోర్డు కుర్రాడు పగలు ఆఫీసు పని, సాయంత్రాలు సంగీతం. కార్యక్రమంలో మొదటి సగం శాస్త్రీయం, రెండో సగం అన్నమయ్య, రామదాసు కీర్తనలు, భజనలు. కార్తీకంలో విశాఖలో మొదలుపెట్టి రాజమండ్రి, విజయవాడ మీదుగా హైదరాబాద్ దాకా వరసగా ప్రోగ్రాములు ఒప్పుకున్నాం.

పిలుపు ఎప్పుడూ ఒకేలా వస్తుంది.

"అమ్మా, మా ఊళ్లో కార్తీకమాస ఉత్సవాలు. జనం బ్రహ్మాండంగా వస్తారు. మీ బృందం తప్పకుండా రావాలి."

"సంతోషమండి. పారితోషికం ఏమాత్రం అనుకుంటున్నారు?"

"అది చూసుకుందాం లెండమ్మా, మనలో మనకేముంది!"

ఈ మాట వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. షామియానా వేసే టెంట్ హౌస్ ఆయనతో ఇదే మనిషి "చూసుకుందాం" అనడు. కుర్చీకింత, లైటుకింత, జనరేటర్‌కింత అని ముందే బేరం అవుతుంది, అడ్వాన్స్ వెళ్తుంది. వంటవాళ్లకీ, పూలదండలవాళ్లకీ అంతే. శాలువాలూ జ్ఞాపికలూ కొన్న షాపులో అప్పటికప్పుడే డబ్బు కడతారు. ఎవరి కోసం ఆ పందిరి వేశారో వాళ్ల దగ్గరికి వచ్చేసరికే మొహమాటం అడ్డొస్తుంది.

విశాఖలోనే ప్రోగ్రామ్ అయితే ఇంకో మాట ఉంటుంది: "మీరు లోకలే కదా." చెన్నై నుంచి గాయకుడు వస్తే విమానం టికెట్టు, స్టార్ హోటల్ గది, ఎయిర్‌పోర్టుకి కారు. ఆ ఏర్పాట్లు చేయడం న్యాయమే, నేనేమీ తప్పుపట్టను. కానీ ఆయన పక్కన కూర్చుని రెండున్నర గంటలు అదే రాగాలు వాయించే నాకు ఆటో ఖర్చు కూడా లెక్కలో ఉండదు. లోకల్ అనే ఒక్క కారణంతో పక్కవాద్యానికి ఇచ్చేది మూడో వంతుకి పడిపోతుంది. అదే నేను డిసెంబరులో చెన్నై వెళ్లి వాయించాలంటే రైలు ఖర్చు, బస ఖర్చు నావే. ఎక్కడికి వెళ్లినా దూరం ఖర్చు విశాఖ మనిషే పెట్టుకోవాలన్నమాట. మన ఉత్తరాంధ్రకి వయొలిన్‌లో ఉన్న పేరు చిన్నదేమీ కాదు. ద్వారం వారి బాణీ గురించి సభల్లో గంటలకొద్దీ మాట్లాడతారు. ఆ బాణీ నేర్చుకున్నవాళ్లు ఇవాళ ఈ ఊళ్లో ఎలా బతుకుతున్నారో ఆ సభలోనే ఎవరైనా అడిగితే బాగుండును.

రాజమండ్రి లెక్క చెప్తాను, మిగతావి కూడా కాస్త అటూఇటూగా అంతే. బృందానికి మొత్తం 40,000 రూపాయలు మాట్లాడుకున్నాం, రాకపోకలతో కలిపి. వాద్యాలతో వెళ్లాలంటే పెద్ద బండి కావాలి. కిరాయి, టోల్, డ్రైవర్ బత్తా కలిపి పోను రాను 10,000కి తక్కువ కాలేదు. రెండు గదులకి 4,000. దారిలో టిఫిన్లు, భోజనాలు 2,000. మిగిలింది 24,000. మనిషికి 6,000. బయట నుంచి చూసేవాళ్లకి ఒక సాయంత్రానికి 6,000 అంటే బాగానే ఉందనిపిస్తుంది. దానికి ముందు రిహార్సళ్లు, వెళ్లిరావడానికి పోయిన రోజులు, ఆ రోజుల్లో మానేసిన పాఠాలు ఆ అంకెలో కనపడవు. మాస్టారు మృదంగానికి మూతలు కొత్తవి వేయించుకోవాలి. నేను కమానుకి గుర్రపు వెంట్రుకలు మార్పించుకోవాలంటే చెన్నై పంపాలి. తీగలు సరేసరి.

రైల్లో వెళ్తే తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది, తేదీ ముందే ఖాయమైతే. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకి బదులు 60 రోజులు చేసింది. అరవై రోజులైనా మాకు చాలు. కానీ కమిటీలు తేదీ ఖాయం చేసేది పది పన్నెండు రోజుల ముందు, అతిథి గారి వీలు తెలిశాక. అప్పటికి కార్తీకమాసం రైళ్లలో ఎక్కడ చూసినా వెయిటింగ్ లిస్టే. ఇక మిగిలేది తత్కాల్. ఏసీకి ముందురోజు పొద్దున పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి తెరుచుకుంటుంది. నలుగురం నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చుంటాం. దొరికితే అదనపు ఛార్జీ. దొరికాక వాళ్లు ప్రోగ్రామ్ వాయిదా వేస్తే, ఖాయమైన తత్కాల్ టికెట్టు రద్దు చేసినందుకు రూపాయి వెనక్కి రాదు. అంటే వాళ్లు ఫోన్ చేయడానికి ఆలస్యం చేసిన ప్రతి రోజుకీ మేం డబ్బు కడుతున్నాం. ఒకప్పుడు ప్రదర్శనలకి వెళ్లే కళాకారులకి రైలు ఛార్జీలో మంచి రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనాతో చాలా రాయితీలు ఆపేసినప్పుడు అది కూడా పోయింది, మళ్లీ రాలేదు. దాని గురించి ఏ సభలోనూ ఎవరూ తీర్మానం చేయగా నేను వినలేదు.

సామాను సంగతి వేరే. మాస్టారు రెండు మృదంగాలు తెచ్చుకోవాలి, ఎందుకంటే మగవాళ్ల శృతికీ ఆడవాళ్ల శృతికీ ఒకటే మృదంగం కుదరదు. థర్డ్ ఏసీలో, స్లీపర్‌లో మనిషికి 40 కిలోల దాకా ఉచితం, బరువు విషయంలో ఇబ్బంది లేదు. పొడవుతోనే గొడవ. పెట్టె 100 సెంటీమీటర్లు దాటకూడదన్నది లెక్క. 88 మెట్ల కీబోర్డు పెట్టె అంతకన్నా బాగా పొడవు. సీటు కింద పట్టదు, దారిలో పెడితే టీటీఈ ఊరుకోడు. వందేభారత్‌లో పగలే సికింద్రాబాద్ చేరిపోవచ్చు గానీ చైర్‌కార్‌లో దాన్ని ఎక్కడ పెట్టాలి? అందుకని కుర్రాడు చిన్న కీబోర్డు పట్టుకొస్తాడు, నచ్చకపోయినా. వయొలిన్ నాకు తలకింద దిండు పక్కనే ఉంటుంది. ఎన్ని గంటల ప్రయాణమైనా దాన్ని సీటు కింద పెట్టను.

మొదటి ప్రోగ్రామ్ మన ఊళ్లోనే, బీచ్‌రోడ్డు వైపు ఒక లాన్‌లో. చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. సముద్రం వినిపిస్తుంటుంది, దీపాలు పెట్టారు. కానీ వయొలిన్‌కి అంతకన్నా కష్టమైన చోటు ఉండదు. ఉప్పుగాలి తేమకి కమాను వెంట్రుకలు సాగిపోతాయి. ఎంత మర తిప్పినా బిగువు నిలవదు, తీగ మీద జారుతుంది. ఆ వెంట్రుకలకి రాసే రోజిన్ పొడిగా రాలకుండా జిగటగా అంటుకుంటుంది. తీగలు బిగించే బిరడాలు ఉబ్బి కదలవు. అదే ఏసీ హాల్లో అయితే ఎండిపోయి, శృతి చేసిన రెండు నిమిషాల్లో వాటంతటవే జారిపోతాయి. మృదంగం చర్మం తేమకి వదులై శృతి దిగిపోతుంటే మాస్టారు ప్రతి పాట మధ్యా రాయి, చెక్క ముక్క తీసి అంచు చుట్టూ కొట్టి పైకి తెచ్చుకుంటున్నారు. కింద కూర్చున్నవాళ్లకి అది కాలయాపనలా కనిపిస్తుంది. ఒకాయన గట్టిగానే అన్నారు, "ఇంట్లో సరిచేసుకుని రావొచ్చు కదా" అని. ఇంట్లో సరిచేసుకునే వచ్చాం. సముద్రం పక్కన వేదిక వేసినప్పుడు వెనకనైనా ఒక తెర కట్టమని మేం ముందే అడిగాం, ఫొటోల్లో సముద్రం కనపడదని కట్టలేదు.

అక్కడ సౌండ్ చూసే అబ్బాయి మిక్సర్‌ని డీజేకి తగ్గట్టు పెట్టుకున్నాడు. బేస్ గుండెల్లో కొడుతోంది, గొంతుకి ఎకో. నా వయొలిన్ నాకే వినపడటం లేదు, మేం వాయించేది మాకు వినిపించేలా మా వైపు తిప్పిన స్పీకర్, అదే మానిటర్, లేదు. అడిగితే పాపం ముందే చెప్పేశాడు: "నాకు డీజే అన్నారు మేడమ్. ఫిడేలుకి వేరే మైకు కావాలని ఎవులూ సెప్పనేదు." అతని తప్పు లేదు. అరగంట ముందు కూర్చోబెడితే ఆ కుర్రాడే చక్కగా బాలెన్స్ చేసిచ్చేవాడు. మాకు వేదిక ఇచ్చిందే ప్రోగ్రామ్ మొదలయ్యే సమయానికి. మొదటి రెండు కీర్తనలు సౌండ్ చెక్‌గా పోయాయి.

రాజమండ్రిలో గోదావరికి దగ్గర్లో గుడి ఆవరణ. ఆహ్వానపత్రికలో సాయంత్రం ఆరింటికి అని వేశారు. మేం నాలుగున్నరకే వెళ్లి శృతి చేసుకుని కూర్చున్నాం. మాస్టారు ఎడమ మూత మీద తడి రవ్వ ముద్ద అద్దుకుని, వేళ్లతో సరిచూసుకుంటూ, వేదిక పక్కన ఒక మూల సిద్ధంగా ఉన్నారు. ఆయన ఆ రోజు కోసం ప్రత్యేకంగా సాధన చేశారు. కల్యాణి రాగంలో పెద్ద కృతి, దాని తర్వాత తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం. ప్రయాణంలో కూడా బండి సీటు మీద వేళ్లతో దాన్ని ముగించే ముక్తాయింపు లెక్క సరిచూసుకుంటూనే ఉన్నారు. మృదంగం వాయించేవాళ్లకి కచేరీ మొత్తంలో తమదంటూ దొరికేది ఆ కాసేపే. మిగతా సమయమంతా ఇంకొకరి పాటని నిలబెట్టడమే పని.

అతిథులు ఏడుంపావుకి వచ్చారు. జ్యోతి ప్రజ్వలన. వేదిక మీదికి ఒక్కొక్కరినీ పేరుపేరునా ఆహ్వానించడం. తర్వాత ప్రసంగాలు. సంగీతం మన సంస్కృతికి ప్రాణం అని ఒకరు, కళాకారులని కాపాడుకోవాలి అని ఇంకొకరు. దాతలకి సన్మానం, ఒక్కొక్కరికీ శాలువా, జ్ఞాపిక, ఫొటో. మమ్మల్ని కూడా పిలిచి శాలువాలు కప్పారు. అప్పటికింకా ఒక్క స్వరం వాయించలేదు. ఎనిమిదీ నలభై అయ్యింది మైకు మా దగ్గరికి వచ్చేసరికి.

ఆరుబయట రాత్రి పదింటి తర్వాత లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లోనే వచ్చాయి. మూసిన ఆడిటోరియంలో వెసులుబాటు ఉంటుంది గానీ గుడి ఆవరణలో లేదు. ఆ నిబంధన మంచిదే. చుట్టుపక్కల ఇళ్లలో పసిపిల్లలుంటారు, ముసలివాళ్లుంటారు, చదువుకునే పిల్లలుంటారు. కాకపోతే దానివల్ల ముందు పోయిన సమయం వెనక కలవదు. ప్రసంగాలకి గడువు లేదు, పాటకి మాత్రం పోలీసు గడియారం ఉంది.

కల్యాణి ఎత్తుకుని, అప్పటికప్పుడు అల్లి పాడే కల్పనస్వరాలు అయ్యి, తని మొదలు కావాల్సిన చోట కమిటీ ఆయన ఒకరు వంగి వేదిక మీదికి వచ్చి మా గాయని చెవిలో చెప్పారు: "అమ్మా, జనం లేచిపోతున్నారు, భజన అందుకోండి." ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన ఏమీ అనలేదు. చిన్న ముక్తాయింపు ఒకటి వేసి కృతి ముగించేశారు. భజన నడక ఎత్తుకున్నారు. అంతా అయ్యాక బొటనవేలితో మూత మీద ఎండిన రవ్వ గీకి తీసుకుంటున్నప్పుడు కూడా మామూలుగానే మాట్లాడారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది.

ఎందుకంటే జనం లేచిపోలేదు. నేను వేదిక మీద నుంచి చూస్తూనే ఉన్నాను. లేచింది ముందు వరసలు. అతిథులు వెళ్లగానే వాళ్లతో వచ్చినవాళ్లు, సన్మానాలు అయినవాళ్లు, వాళ్ల బంధువులు లేచారు. సోఫాలు ఖాళీ అయ్యాయి. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో, అరుగుల మీద, నేల మీద పరిచిన పట్టాల మీద కూర్చున్నవాళ్లు కదలలేదు. అందులో భజన మండలి ఆడవాళ్లు ఒక పాతికమంది ఉంటారు, తాళం తప్పకుండా వేస్తున్నారు. రామదాసు కీర్తన ఎత్తుకుంటే చరణాలతో సహా కలిపి పాడారు. వినేవాళ్లు వాళ్లు. కమిటీ కళ్లకి జనం అంటే ముందు మూడు వరసలే. వెనకున్నవాళ్లని ముందుకి పిలిచి కూర్చోబెడితే పోయేది.

ప్రేక్షకుల గురించి నాకు ఫిర్యాదు తక్కువ. ఆలాపన మధ్యలో చీటీ మీద సినిమా పాట రాసి పంపేవాళ్లుంటారు, ఫోన్ ఫ్లాష్ వేసి మొహం మీదే పట్టుకునేవాళ్లుంటారు, ముందు వరసలో కూర్చుని స్థలం రేట్ల గురించి మాట్లాడుకునేవాళ్లుంటారు. చిరాకే. పెళ్లి రిసెప్షన్లో మాత్రం ఎవరూ వినకపోయినా నాకు బాధ లేదు. అక్కడికి జనం వచ్చేది పెళ్లికొడుకుని, పెళ్లికూతురిని చూడ్డానికి, భోజనానికి. మేం వెనక మెత్తగా వాయిస్తాం, మాట్లాడుకున్న డబ్బు ఆ రాత్రే ఇస్తారు, ఆలస్యమైతే ప్లేటు పెట్టించి మరీ కూర్చోబెడతారు. ఒప్పుకున్నది అదే కాబట్టి అందులో అవమానం ఏమీ లేదు. సంగీత సభ అని పేరు పెట్టి, సంగీతానికి గంటా ఇరవై నిమిషాలే మిగల్చడంలో ఉంది.

దీని గురించి చాలా ఆలోచించాను. కమిటీలవాళ్లు చెడ్డవాళ్లు కాదు. రాజమండ్రి కార్యదర్శి గారు రిటైరైన టీచరు. రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి 500, 1,000 చొప్పున పోగుచేస్తారు. ప్రవేశం ఉచితం కాబట్టి డబ్బంతా దాతల దగ్గర నుంచే రావాలి. పెద్ద మొత్తం ఇచ్చినవాళ్లు వేదిక మీద కూర్చోవాలనుకుంటారు, రెండు ముక్కలు మాట్లాడాలనుకుంటారు. కాదంటే వచ్చే ఏడాది ఇవ్వరు. కాబట్టి ప్రసంగాలు తగ్గవు, సన్మానాలు తగ్గవు, తగ్గేది పాట. ఉచిత ప్రవేశం అని వేసినంత మాత్రాన ఖర్చు లేకుండా పోదు. ఆ టికెట్టు డబ్బులు మేం కడుతున్నాం, మా సమయంతో, మాస్టారి తనితో. మనిషికి 100 రూపాయల టికెట్టు పెడితే, ఆ వంద ఇచ్చి వచ్చినవాళ్లు ఆరింటికి అంటే ఆరింటికే మొదలుపెట్టమని వాళ్లే అడుగుతారు. "మన ఊళ్లో శాస్త్రీయ సంగీతానికి టికెట్టు కొంటారా అమ్మా" అంటారు. ఇదే విశాఖలో సినిమా సంగీతం షోలకి, కామెడీ షోలకి జనం టికెట్లు కొంటున్నారు. కొనే అలవాటు ఊరికి ఉంది. మన దగ్గర అడిగేవాళ్లు లేరు.

విజయవాడలో హాలు పెద్దది, కుర్చీలు మంచివి, కానీ గ్రీన్ రూమ్ అన్నది కుర్చీలు, పాత ఫ్లెక్సీలు పెట్టుకునే గది. గడియ లేదు. నేనూ మా గాయనీ ఒకరు తలుపు పట్టుకుంటే ఒకరం చీర మార్చుకున్నాం. బాత్రూమ్ కోసం హాలు అంతా దాటి, ప్రేక్షకుల మధ్య నుంచి వెళ్లాలి. తాళం ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌కి తెలియదు. పొద్దున్నుంచి నీళ్లు తక్కువ తాగి ఉండటం ఆడ కళాకారులకి అలవాటైపోయింది. పాడే మనిషి నీళ్లు తాగకుండా ఉంటే గొంతు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. డ్యాన్స్ చేసే చిన్నపిల్లల తల్లులు ఇదే బాధ ఎప్పటినుంచో చెప్తున్నారు. హాలు అద్దెకి ఇచ్చేటప్పుడు ఏసీ ఎన్ని టన్నులో చెప్తారు, వేదిక వెనక ఆడవాళ్లకి బాత్రూమ్ ఉందో లేదో చెప్పరు. తీసుకునేవాళ్లు అడగరు.

హైదరాబాద్‌లో వాయించింది ఒక చిన్న హోటల్ పైన, కొత్తరకం వేదిక. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న: "ఇన్‌స్టాలో మీ ఫాలోవర్లు ఎంతమంది?" రెండోది: "మీ తరఫున ఎంతమంది వస్తారు?" టికెట్టు 299 రూపాయలు, అందులో వాళ్ల వాటా పోను, సౌండ్ ఛార్జీ పోను మిగిలింది మాది. ప్రచారం మాదే, పోస్టర్ మాదే. వేరే ఊరి నుంచి వెళ్లినవాళ్లం జనాన్ని ఎక్కడి నుంచి తెస్తాం? నిండింది సగం. మా వాటా రైలు ఖర్చులకి కూడా చాలలేదు.

అయినా నిజం చెప్పాలి, ఈ ప్రయాణం మొత్తంలో బాగా వాయించింది ఆ రాత్రే. గంట ముందు సౌండ్ చెక్ ఇచ్చారు. మానిటర్లో నా తీగ నాకు స్పష్టంగా వినిపించింది. ఏడున్నర అంటే ఏడున్నరకి మొదలైంది. ఎవరూ ప్రసంగించలేదు. డబ్బిచ్చి వచ్చిన ఆ కొద్దిమంది ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. చాలామంది పాతికేళ్లలోపు వాళ్లు. మాస్టారికి తని కోసం పావుగంట దొరికింది. రాజమండ్రిలో ఆగిపోయిన ముక్తాయింపు అక్కడ పూర్తి చేశారు, చివరి దెబ్బకి కుర్రాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. డబ్బు మిగలని చోట సంగీతం మిగిలింది, డబ్బు వచ్చిన చోట సంగీతానికి చోటు లేదు. రెండూ ఒకే చోట ఉండటానికి ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

ఇక కవరు. రాజమండ్రివాళ్లు మాట ప్రకారం మొత్తం ఆ రాత్రే చేతిలో పెట్టారు, అది చెప్పుకోవాలి. విజయవాడలో ఇచ్చిన కవరు బండిలో కూర్చుని విప్పితే అనుకున్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ ఉంది. ఫోన్ చేస్తే "మిగతాది వారంలో ఫోన్‌పే చేస్తామమ్మా, దాత గారి దగ్గర నుంచి రావాలి" అన్నారు. తర్వాత "జీఎస్టీ బిల్లు ఉంటే ఇస్తాం" అన్నారు. శాస్త్రీయ, జానపద కళల ప్రదర్శనకి కళాకారులు తీసుకునే పారితోషికం 1,50,000 రూపాయలు దాటకపోతే దానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. ఆ విషయం రాసి పంపాను. జవాబు లేదు. ఇంకోచోట, ఇది వేరే ప్రోగ్రామ్‌లో, ట్యాక్స్ పట్టుకున్నామని చెప్పి తగ్గించి ఇచ్చారు. పట్టుకున్న పన్నుకి ఇవ్వాల్సిన సర్టిఫికెట్, ఫారం 16ఏ, అడిగితే ఆడిటర్ గారిని అడగమన్నారు. మన పేరు మీద ఎవరెంత పన్ను కట్టారో చూపే పేజీ, నా 26ఏఎస్, ఆన్‌లైన్‌లో తీసి చూస్తే నా పేరు మీద ఒక్క రూపాయి కట్టలేదు. కుర్ర కళాకారులకి గట్టిగా చెప్పేది ఇదే: పాన్ నంబర్ ఇచ్చినప్పుడల్లా తర్వాత ఆ పేజీ తెరిచి చూసుకోండి.

వచ్చాక నేను ఒక పని చేశాను. ఆకాశవాణిలో గ్రేడ్ ఉన్న కళాకారులకి రికార్డింగ్ ముందు ఒక కాంట్రాక్టు కాగితం వస్తుంది. తేదీ, సమయం, ఎంతసేపు, పారితోషికం ఎంత అన్నీ అందులో ఉంటాయి. మొత్తం పెద్దదేమీ కాదు, కానీ అందులో దాపరికం లేదు. ఆ కాగితం ముందు పెట్టుకుని మా బృందానికి ఒక పేజీ తయారుచేశాను. తెలుగులోనే, మర్యాదగానే. తేదీ ఖాయమైన రోజే సగం అడ్వాన్స్. రాకపోకల ఖర్చు పారితోషికంలో కలపకూడదు. వేదిక గంట ముందు మా చేతికి రావాలి. వయొలిన్‌కి, మృదంగానికి రెండు వైపులా మైకులు, మా వైపు ఒక మానిటర్. గడియ ఉన్న గది, దగ్గర్లో బాత్రూమ్. మేం వాయించే సమయం గంటన్నరకి తగ్గకూడదు, తని ఆవర్తనం మధ్యలో ఆపించకూడదు. సన్మానాలుంటే కచేరీ అయ్యాక. మిగతా డబ్బు వేదిక దిగే ముందు.

ఎవరు ఫోన్ చేసినా ఇప్పుడు ముందు ఆ పేజీ వాట్సాప్‌లో పంపుతున్నాను. కొందరు మళ్లీ ఫోన్ చేయలేదు. ఒకాయన "కళాకారులు ఇలా కాగితాలు పంపడం బాగోదమ్మా" అన్నారు. "మీరు టెంట్ హౌస్‌కి ఇచ్చే ఆర్డర్ లాంటిదేనండి" అన్నాను. మా గాయని భయపడింది, ఇలా అయితే పిలుపులు తగ్గిపోతాయని. తగ్గాయి కూడా. కానీ శ్రీకాకుళం నుంచి ఒక కమిటీ మాఘమాసానికి అడిగి, పేజీ చదివి, రెండో రోజే అడ్వాన్స్ వేసింది. టికెట్లు ముందే దొరికాయి, నలుగురికీ ఒకే పెట్టెలో. సన్మానాలు చివర పెట్టడం మాత్రం కుదరదన్నారు, అతిథి గారు ముందే వెళ్లిపోవాలట. అరగంటకి మించకుండా ముగించాలని, ఆ తర్వాత మైకు మాదేనని రాసి పంపమన్నాను. రాసి పంపారు. రాజమండ్రి కార్యదర్శి గారికి కూడా పేజీ పంపాను, వచ్చే కార్తీకానికి. ఆయన చదివి ఫోన్ చేసి, ఒక రోజు కార్యక్రమానికి 50 రూపాయల టికెట్టు పెట్టి చూద్దామని కమిటీలో మాట్లాడతానన్నారు. పెడితే, ఆ రోజు ముందు వరసల్లో భజన మండలివాళ్లని కూర్చోబెట్టమని అడిగాను.

విజయవాడ డబ్బు ఇంకా రాలేదు. ప్రతి సోమవారం మెసేజ్ పెడుతున్నాను.